సమల్ యెస్లియామోవా: రెండు సినిమాలు, మధ్యలో పదేళ్ళు

2018 మేలో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ చివరికి వచ్చేసరికి ఉత్తమ నటి ఎవరన్నదానిపై బయట నడిచిన అంచనాల్లో రెండు పేర్లు గట్టిగా వినిపించాయి. పోలండ్ నుంచి యోవానా కులిగ్, చైనా నుంచి జావ్ తావ్. ఇద్దరివీ పెద్ద పాత్రలే, ఇద్దరూ అప్పటికే యూరప్ విమర్శకులకి బాగా తెలిసినవాళ్ళే. కేట్ బ్లాంచెట్ అధ్యక్షతన ఉన్న జ్యూరీ మాత్రం అవార్డుని కజకిస్తాన్‌కి చెందిన సమల్ యెస్లియామోవాకి ఇచ్చింది. పోటీ సినిమాల వరసలో దాదాపు ఆఖరున వేసిన 'ఐకా' అనే సినిమాకి. చాలామంది జర్నలిస్టులు అప్పటికే సామాన్లు సర్దుకుంటున్న సమయం అది. ఆ అవార్డుతో మధ్య ఆసియా నుంచి కాన్‌లో ఉత్తమ నటి అయిన మొదటి వ్యక్తి ఆమే అయింది.

ఆ రోజు ఆమె ఫిల్మోగ్రఫీ వెతికినవాళ్ళకి పెద్దగా ఏమీ దొరికి ఉండదు. బయటి ప్రపంచానికి తెలిసినవి రెండంటే రెండు సినిమాలు. 2008లో 'తుల్పాన్', 2018లో 'ఐకా'. రెండిటికీ డైరెక్టర్ ఒక్కడే, సెర్గెయ్ ద్వోర్త్సెవోయ్. కెమెరా కూడా ఒక్కరిదే, పోలండ్‌కి చెందిన యోలాంటా డిలెవ్‌స్కా. మధ్యలో మాస్కోలో నాటక విద్య. ఏడాదికి నాలుగు సినిమాలు చేస్తేనే కెరీర్ అనుకునే లెక్కలో చూస్తే ఇది కెరీరే కాదు. కానీ ఈ రెండు పాత్రలని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానికి అవసరమైన నటనకీ రెండోదానికి అవసరమైన నటనకీ దాదాపు ఏమీ పోలిక లేదని తెలుస్తుంది. మొదటిదాంట్లో గుంపులో కలిసిపోవాలి, రెండోదాంట్లో గంటన్నర పైన ఒంటరిగా తెరని మోయాలి. ఆ దూరం ఆమె ఎలా దాటింది అన్నదే ఇక్కడ అసలు ఆసక్తికరమైన విషయం. "కొత్త నటి, అదృష్టం కలిసొచ్చింది, కాన్ కొట్టింది" అని చెప్పుకునే కథ దాన్ని పూర్తిగా వదిలేస్తుంది.

సమల్ 1984లో పుట్టింది. ఊరు పెత్రోపావ్ల్, కజకిస్తాన్ ఉత్తరపు అంచు, రష్యా సరిహద్దుకి దగ్గర. 1752లో రష్యన్లు కట్టిన కోటగా మొదలైన ఊరు, ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గం మీద ఉంది, వీధిలో ఎక్కువగా వినబడేది రష్యన్ భాష. అల్మాటీలోని స్టూడియోలకీ, పెద్ద థియేటర్లకీ చాలా దూరం. అలాంటి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, ఇరవై దాటీ దాటని వయసులో, దేశానికి అటు చివర దక్షిణాన ఉన్న ఎండిన గడ్డిమైదానాల్లో గొర్రెల కాపరి భార్యగా, ముగ్గురు పిల్లల తల్లిగా నటించడానికి వెళ్ళింది.

ఆ సమయంలో ప్రపంచానికి కజకిస్తాన్ అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. 2006లో 'బోరాట్' వచ్చింది. రుమేనియాలో ఒక పల్లెలో కొన్ని సీన్లు తీసి అదే కజకిస్తాన్ అని చూపించిన కామెడీ. దానికి ఒక ఏడాది ముందు కజక్ ప్రభుత్వం కోట్లు పోసి గుర్రాలూ కత్తులూ ఉన్న భారీ చారిత్రక సినిమా 'నొమాడ్' తీయించుకుంది. ఒకవైపు వెకిలి నవ్వు, ఇంకోవైపు రాజ్యం ఖర్చుతో గొప్పలు. వీటి మధ్యలో 'తుల్పాన్' వచ్చింది. అందులో హీరో పెద్ద చెవులున్నాయని పెళ్ళికి తిరస్కరించబడిన ఒక మాజీ నావికుడు.

కథ ఎంత చిన్నదో చెప్పాలంటే, రష్యన్ నౌకాదళంలో పనిచేసి తిరిగొచ్చిన ఆసా అక్క ఇంట్లో ఉంటాడు. సొంత గొర్రెల మంద కావాలంటే పెళ్ళి కావాలి. ఆ చుట్టుపక్కల పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఒక్కతే, పేరు తుల్పాన్, ఆమెకి ఇతను నచ్చడు. బావకి ఇతనంటే చిరాకు. గొర్రెపిల్లలు చచ్చి పుడుతున్నాయి, ఎందుకో తెలియదు. అంతే. ఆ అక్క పాత్రే సమల్‌ది. పాత్ర పేరు కూడా సమల్. బావ పేరు ఓండాస్, నటుడు ఓండాసిన్.

ద్వోర్త్సెవోయ్ గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పకపోతే ముందుకెళ్ళడం కష్టం. 1962లో దక్షిణ కజకిస్తాన్‌లోని షిమ్‌కెంత్‌లో పుట్టినవాడు, విమానయాన రంగంలో ఇంజినీరుగా పనిచేసి, తర్వాత మాస్కోలో సినిమా నేర్చుకుని డాక్యుమెంటరీలు తీశాడు. 1990లలో తీసిన ఆ చిన్న డాక్యుమెంటరీలతోనే పేరొచ్చింది. 'తుల్పాన్' అతని మొదటి కథాచిత్రం. డాక్యుమెంటరీ అలవాటు మాత్రం పోలేదు. గాలి దుమారం కావాలంటే ఫ్యాన్ పెట్టడు, దుమారం వచ్చేదాకా కూర్చుంటాడు. గొర్రె ఈనే సీన్ కావాలంటే నిజంగా ఈనే గొర్రె దొరికేదాకా వెతుకుతాడు. ఆసాగా వేసిన అస్కత్ కుచిన్‌చిరెకోవ్ చేత నిజంగానే గొర్రెకి పురుడు పోయించి, నిమిషాల తరబడి కట్ లేకుండా తీశాడు. ఆ ఒక్క షాట్ గురించే ఈ సినిమా పేరు చెబుతారు చాలామంది.

దాంతో సమల్ చేసిన పని సహజంగానే వెనక్కి పోయింది. నిజానికి ఆ సినిమా కూలిపోకుండా నిలబడింది ఆమె వల్ల. గుండ్రటి ఊలు గుడారం, అదే వాళ్ళ ఇల్లు, యుర్తా అంటారు. అందులో ఒక పిల్ల గొంతు చించుకుని పాడుతుంటుంది, ఒక పిల్లాడు రోజంతా రేడియో విని వార్తలన్నీ తండ్రికి అప్పజెబుతుంటాడు, చిన్నోడు కర్రని గుర్రం చేసుకుని కాళ్ళకి అడ్డం పడుతుంటాడు, భర్త మొహం మాడ్చుకుని ఉంటాడు, తమ్ముడు అలిగి ఉంటాడు. వీళ్ళందరి మధ్యా ఆమె వంట చేస్తూ, పిల్లల్ని సర్దుతూ, ఒకసారి భర్త వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూస్తూ ఉంటుంది. పెద్ద డైలాగులు లేవు. కానీ ఎవరు ఎప్పుడు పేలతారో ముందే పసిగట్టి, మాట మార్చో నవ్వో పరిస్థితిని చల్లార్చడం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలకి నటన అంటే తెలియదు, వాళ్ళు ఇష్టమొచ్చినట్టు ఉంటారు, డైరెక్టర్‌కీ అదే కావాలి. అప్పుడు పక్కనున్న నటి స్క్రిప్టులో లేనిది ఏది జరిగినా తల్లిలాగే స్పందించాలి. సొంత పిల్లలు లేని ఇరవైల్లోని అమ్మాయికి ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. షూటింగ్‌కి ముందు ఆ గుడారంలోనే అందరినీ ఒక కుటుంబంలా ఉంచి అలవాటు చేయించడం అందుకు చాలా పనికొచ్చింది. తెర మీద పిల్లలు ఆమె మీద పడి దొర్లుతున్నప్పుడు అది నేర్పించిన చనువులా అనిపించదు.

ఇదే సినిమాలో ఒక పశువైద్యుడు గాయపడిన ఒంటె పిల్లని మోటార్ సైకిల్ పక్క తొట్టిలో వేసుకుని వస్తాడు, తల్లి ఒంటె అరుచుకుంటూ వెనకే పరుగెత్తుకొస్తుంది. చూసినవాళ్ళు మర్చిపోలేని నవ్వు పుట్టించే సీన్. గొర్రెపిల్లలు ఎందుకు చస్తున్నాయో తేల్చేదీ ఆయనే, తల్లులకి సరైన మేత లేక. కొంచెం పక్కకి పోయినట్టుంది కానీ, తల్లి, పిల్ల, జంతువు అనే ఈ వరసని గుర్తుపెట్టుకోవాలి, పదేళ్ళ తర్వాత మాస్కోలో మళ్ళీ వస్తుంది.

2008 కాన్‌లో 'తుల్పాన్'కి ప్రధాన పోటీకి పక్కన నడిచే 'అన్ సెర్టెన్ రిగార్డ్' విభాగంలో మొదటి బహుమతి వచ్చింది, అదే ఏడాది టోక్యోలో గ్రాండ్ ప్రి కూడా. మన దగ్గరకీ వచ్చింది, గోవాలో జరిగిన ఇఫీ 2008లో గోల్డెన్ పీకాక్ ఈ సినిమాకే. అంటే ఆమె మొదటి సినిమాకి భారత ప్రభుత్వ ఫిల్మ్ ఫెస్టివల్ అత్యున్నత బహుమతి ఉంది. ఫెస్టివల్ సినిమాలు ఫాలో అయ్యేవాళ్ళలో కూడా ఎంతమందికి ఇది గుర్తుందో సందేహమే.

ఇలాంటి ఎంట్రీ దొరికిన నటి తర్వాత ఏం చేయాలి? వరసగా సినిమాలు చేయడం తేలికైన దారి. సమల్ మాస్కోలో గితిస్‌లో నటన చదివింది, 2011లో పట్టా తీసుకుంది. 1878 నాటి మూలాలున్న సంస్థ అది, రష్యన్ నాటకరంగంలో దాని పేరు చాలా పెద్దది. సోవియట్ కాలంలో రిపబ్లిక్‌ల నుంచి విద్యార్థుల్ని బృందాలుగా తెచ్చి అక్కడ నటన నేర్పించి, తిరిగి వాళ్ళ భాషల్లో నాటకాలు ఆడమని పంపే పద్ధతి ఉండేది.

ఆ పద్ధతి ఎలాంటి నటీమణుల్ని తయారు చేసిందో చూస్తే సమల్ పరిస్థితి ఎంత భిన్నమో తెలుస్తుంది. కజక్ వృత్తి నాటకరంగం వయసు వందేళ్ళే. 1926లో అప్పటి రాజధాని కిజిలొర్దాలో మొదటి ప్రభుత్వ నాటకశాల తెరిచారు, తర్వాత రాజధానితో పాటు అది అల్మాటీకి మారింది, ఇప్పుడు కజక్ రచయిత ముఖ్తార్ ఔవెజోవ్ పేరుతో నడుస్తోంది. అంతకు ముందు పాట పోటీలూ, ఇతిహాస గానాలూ, డోంబ్రా అనే రెండు తీగల వాద్యం వాయిస్తూ చెప్పే కథలూ ఉండేవి కానీ, స్టేజీ మీద ఆడవాళ్ళు పాత్రలు వేయడం అనే వృత్తి లేదు. కాబట్టి మొదటి తరం నటీమణులు తమకి ముందు ఎవరూ లేకుండానే మొదలుపెట్టారు.

ఆ తర్వాతి తరంలో హదిషా బుకెయెవా ఒక్క పేరు తీసుకుంటే చాలు. 1917లో పుట్టింది, లెనిన్‌గ్రాడ్‌లో నటన నేర్చుకుంది, 1940లో 'రైహాన్' సినిమాలో నాయిక, కానీ ఆమె అసలు జీవితం స్టేజీ మీదే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో మాస్‌ఫిల్మ్, లెన్‌ఫిల్మ్ స్టూడియోలనే మొత్తంగా అల్మాటీకి తరలించారు, వాళ్ళతో పాటు మాస్కో నాటకరంగం మనుషులూ వచ్చి పడ్డారు. ఆ గందరగోళం కజక్ నాటకానికి ఊహించని లాభం తెచ్చింది. 1943లో షేక్స్‌పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ'ని కజక్ భాషలో ఆడినప్పుడు కేథరీనాగా బుకెయెవా, పెత్రూకియోగా షకెన్ ఐమానోవ్. ఈ ఐమానోవ్ తర్వాత పెద్ద సినిమా డైరెక్టర్ అయ్యాడు, ఇవాళ కజక్‌ఫిల్మ్ స్టూడియోకి ఉన్న పేరు ఆయనదే. బుకెయెవా 1964లో సోవియట్ యూనియన్ పీపుల్స్ ఆర్టిస్ట్ అయింది. అదే థియేటర్‌కి చెందిన సబీరా మైకనోవాకి 1970లో, ఫరీదా షరీపోవాకి 1980లో అదే బిరుదు వచ్చింది.

వీళ్ళ జీవితాల్లో ఒక స్థిరత్వం ఉంది. ఒక నాటక బృందం, నెల జీతం, సీజన్ తర్వాత సీజన్, ఒకే ఏడాదిలో ఔవెజోవ్ నాటకంలో కజక్ పడుచుగా, షేక్స్‌పియర్‌లో ఇటలీ గయ్యాళిగా కనబడే అవకాశం. సినిమా దాని మీద అదనం. 1963లో 'తల్లి కథ'లో అమీనా ఉముర్జాకోవా వేసిన పాత్ర, యుద్ధానికి వెళ్ళిన కొడుకు ఉత్తరాలు చదువుకోవడానికి అక్షరాలు నేర్చుకునే తల్లి, దేశమంతా గుర్తుండిపోయింది. బిరుదులూ రాజ్యం పెట్టే షరతులూ కలిసే వచ్చేవి, ఏ నాటకం ఆడాలో పైనుంచి నిర్ణయమయ్యేది, అది వేరే విషయం. కానీ నటి వయసు పెరిగే కొద్దీ ఆమెకి తగ్గ పాత్ర చూసే యంత్రాంగం ఒకటి ఉండేది.

1991 తర్వాత ఆ యంత్రాంగం బలం తగ్గింది. థియేటర్లు మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తున్నాయి, కానీ రిపబ్లిక్‌లో మంచి నటి అయితే యూనియన్ అంతా తెలిసే రోజులు పోయాయి. సినిమా వైపు చూస్తే, కజక్ ఆర్ట్ సినిమాలకి డబ్బు ఎక్కువగా విదేశీ భాగస్వామ్యంతో రావడం మొదలైంది. 'తుల్పాన్'లో కజకిస్తాన్‌తో పాటు జర్మనీ, పోలండ్, రష్యా, స్విట్జర్లాండ్ ఉన్నాయి. ఇలాంటి సినిమాలు ఏడాదికి కొన్నే వస్తాయి, వాటిలో ఆడవాళ్ళకి నిఖార్సైన పాత్రలు ఇంకా తక్కువ. నటి పేరు ఫెస్టివల్‌లో రెండు రోజులు మోగి ఆగిపోతుంది, డైరెక్టర్ పేరు మిగులుతుంది. సమల్ నిలబడింది ఈ నేల మీద. బుకెయెవాకి ఉన్నట్టు వెనక ఒక థియేటర్ మొత్తం లేదు, ఉన్నది ఒక పట్టా, ఒక మొండి డైరెక్టర్ నమ్మకం.

'ఐకా'కి బీజం ఒక వార్త. 2010లో మాస్కో ప్రసూతి ఆసుపత్రుల్లో కిర్గిజిస్తాన్ నుంచి వచ్చిన తల్లులు 248 మంది బిడ్డల్ని వదిలేసి వెళ్ళారని చదివానని ద్వోర్త్సెవోయ్ చాలా చోట్ల చెప్పాడు. పిల్లలంటే ప్రాణం పెట్టే సమాజం నుంచి వచ్చినవాళ్ళు ఎందుకిలా చేస్తున్నారు అన్నది అతని ప్రశ్న. నేపథ్యం తెలిస్తే జవాబు అంత కష్టం కాదు. కిర్గిజిస్తాన్ చిన్న దేశం, కొన్ని సంవత్సరాల్లో దాని జీడీపీలో దాదాపు మూడో వంతుకి సమానమైన డబ్బు బయట పనిచేసేవాళ్ళు పంపిందే, అందులో ఎక్కువ భాగం రష్యా నుంచి. 2015లో ఆ దేశం, రష్యా కూడా ఉన్న యూరేషియన్ ఎకనామిక్ యూనియన్ అనే కూటమిలో చేరాక రష్యాలో పని చేసుకోవడం కాస్త సులువైంది కానీ, సినిమా మొదలైన రోజుల్లో పర్మిట్ గడువు తీరితే మనిషి లెక్కలో లేనట్టే. చేతిలో పసిబిడ్డ ఉంటే పనిలో ఎవరు పెట్టుకుంటారు?

సినిమా ఆసుపత్రిలో మొదలవుతుంది. బిగించి చుట్టిన నలుగురు పసికందులు ఒక బండి మీద వరసగా. ఐకా, మాస్కోలో పనికొచ్చిన కిర్గిజ్ అమ్మాయి, బిడ్డకి పాలివ్వకుండా బాత్రూం కిటికీలోంచి దూకి పారిపోతుంది. బయట మంచు తుఫాను. అక్కడి నుంచి ఒక నేలమాళిగలో కోళ్ళ ఈకలు పీకే పనికి వెళ్తుంది, రెండు వారాల కూలీ ఎగ్గొట్టి యజమాని మాయమవుతాడు. ఒంట్లో రక్తస్రావం ఆగదు, రొమ్ములు పాలతో గడ్డకట్టి నొప్పి, అప్పులవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు. కుట్టుపని షాపు పెట్టుకోవాలని చేసిన అప్పు అది. ఆ ఫోన్ రింగ్‌టోన్ సినిమా అంతా ఎంత మోగుతుందంటే, ఒక దశ తర్వాత అది మోగితే చూసేవాళ్ళకే టెన్షన్. కథాకాలం మొత్తం అయిదు రోజులు.

ఈ అయిదు రోజుల కథ తీయడానికి సంవత్సరాలు పట్టింది. కారణం మళ్ళీ ద్వోర్త్సెవోయ్ పద్ధతే, అతనికి నిజమైన మంచు తుఫాను కావాలి, మాస్కోలో అలాంటి రోజులు చలికాలంలో కొన్నే ఉంటాయి. అవి అయిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. డైరెక్టర్ ఓపిక గురించి అందరూ రాశారు. నటి వైపు నుంచి దీని అర్థం ఏమిటన్నది ఎక్కువమంది రాయలేదు. ఒక చలికాలంలో ఆసుపత్రి బయట పరుగెత్తిన సీన్‌కీ, రెండు చలికాలాల తర్వాత తీసిన దాని కొనసాగింపుకీ కథలో తేడా పది నిమిషాలే. ముఖం అదే ఉండాలి, బరువు అదే ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా అలసట అదే స్థాయిలో ఉండాలి. ప్రసవమైన రెండో రోజు నడక వేరు, నాలుగో రోజు నడక వేరు. రక్తం పోతున్న మనిషి మొదటి రోజు పరుగెత్తగలదు, మూడో రోజు గోడ పట్టుకోవాలి. ఈ గ్రాఫ్ అంతా ఏళ్ళ తరబడి ఒంట్లో దాచుకుని, అడిగినప్పుడు సరైన చోట నుంచి అందుకోవాలి. మామూలు సినిమాలో ఎడిటింగ్ కాపాడుతుంది, ఇక్కడ కెమెరా ఆమె మెడ దగ్గర నుంచి కదలదు కాబట్టి ఏదీ దాగదు.

స్టేజీ చదువు పనికొచ్చింది ఇక్కడే అని చెప్పొచ్చు. పైకి చూస్తే 'ఐకా'లో నాటకీయత అనేదే లేదు, గొంతు పెంచడం లేదు, మాటలే తక్కువ, అవీ కొన్ని కిర్గిజ్‌లో, కొన్ని విరిగిన రష్యన్‌లో. కానీ నాటకం నేర్పేది గొంతు పెంచడం ఒక్కటే కాదు. నిన్న రాత్రి ఆడిన సీన్‌ని ఇవాళ, వచ్చే నెల, వచ్చే సీజన్ అదే వేడితో మళ్ళీ ఆడటం, పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో మొత్తం మనసులో పెట్టుకుని ముక్కని ముక్కగా చేయగలగడం, ఇది రిపర్టరీ (ఒకే బృందం నాటకాలని మార్చి మార్చి ఆడే పద్ధతి) శిక్షణలో ప్రాణం లాంటిది. 'తుల్పాన్' నాటి సమల్‌కి సహజంగా స్పందించడం వచ్చు. దానితోనే 'ఐకా' అయ్యేది కాదు. అక్కడ స్పందించడానికి పిల్లలూ లేరు, కుటుంబమూ లేదు, చాలా సీన్లలో ఎదురుగా ఉన్నది మంచు లేదా మూసిన తలుపు.

ఇంకో విషయం. ఐకా మంచి అమ్మాయి కాదు, అంటే చూసేవాళ్ళు జాలి పడటానికి వీలుగా రాసిన పాత్ర కాదు. అబద్ధం చెబుతుంది, తోటి పనివాళ్ళని విసుక్కుంటుంది, ఇంకొకరి పని దొరికితే అది తనకే ఉంచమని బతిమాలుతుంది. సమల్ ఎక్కడా కన్నీళ్ళతో మనల్ని కొనడానికి చూడదు. కళ్ళు ఎప్పుడూ తర్వాతి పని మీద ఉంటాయి, డబ్బు ఎక్కడ, తలుపు ఎక్కడ, ఫోన్‌లో చార్జింగ్ ఎంత. బాధని నటించడం కన్నా బాధని పక్కనపెట్టి పనిలో పడటాన్ని నటించడం చాలా కష్టం. అది కుదిరింది కాబట్టే, వెటర్నరీ క్లినిక్‌లో నేల తుడుస్తూ పిల్లలకి పాలిస్తున్న కుక్కని చూసే సీన్ పనిచేస్తుంది. ఇంకో నటి అయితే అక్కడ ఏడ్చేసేది, డైరెక్టరూ క్లోజప్ వేసి వయొలిన్ పెట్టేవాడు. ఇక్కడ ఆమె చూస్తుంది, మళ్ళీ తుడుస్తుంది. ఆ నగరంలో కుక్కకి దొరుకుతున్న వైద్యం ఆమెకి దొరకడం లేదన్న సంగతి ఎవరూ నోటితో చెప్పరు. పదేళ్ళ కిందటి గొర్రె, ఒంటె పిల్ల, తల్లి ఒంటె మళ్ళీ వచ్చాయన్నమాట, కాకపోతే అప్పుడు నవ్వూ ఉండేది.

సినిమా మీద వచ్చిన విమర్శల్లో అర్థముంది. ఊపిరి తీసుకోనివ్వదు, కష్టం మీద కష్టం పేర్చుకుంటూ పోతుంది, కుక్క సీన్ లాంటి చోట్ల పోలిక మరీ చేత్తో చూపించినట్టు ఉంది. బెల్జియంకి చెందిన దర్డెన్ సోదరులు 1999లో ఇదే రకంగా, ఉద్యోగం కోసం పరుగెత్తే ఒక అమ్మాయి వీపు వెనకే కెమెరా పెట్టి తీసి కాన్ అత్యున్నత బహుమతి పామ్ దోర్ కొట్టారు, అందులో నటికీ కాన్ అవార్డు వచ్చింది, కాబట్టి దారి కొత్తది కాదు. ఫెస్టివల్ జ్యూరీలకి పేదరాలి బాధ అంటే ఒక బలహీనత ఉందన్నదీ పాత ఆరోపణే, పూర్తిగా అబద్ధం కూడా కాదు. అయినా ఈ లోపాలన్నీ స్క్రిప్టువి, డైరెక్షన్‌వి. సినిమా అతి చేసిన చోట కూడా నటి అతి చేయలేదు. జ్యూరీ సినిమాకి పెద్ద బహుమతులేవీ ఇవ్వకుండా ఆమె ఒక్కదానికే ఇవ్వడంలో ఆ తేడా వాళ్ళకీ కనిపించినట్టే ఉంది.

తర్వాత జరిగినవి క్లుప్తంగా. కజకిస్తాన్ 'ఐకా'ని ఆస్కార్‌కి పంపింది, 2018 డిసెంబర్‌లో ప్రకటించిన తొమ్మిది సినిమాల షార్ట్‌లిస్ట్ దాకా వెళ్ళింది, నామినేషన్ రాలేదు. 2019లో ఏషియన్ ఫిల్మ్ అవార్డ్స్‌లో సమల్ మళ్ళీ ఉత్తమ నటి. ఇదంతా కజక్ సినిమాకి ఊపున్న కాలమే, 2018 కాన్‌లోనే అదిల్‌ఖాన్ యెర్జానోవ్ సినిమా కూడా 'అన్ సెర్టెన్ రిగార్డ్'లో ఉంది.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. ఇదంతా ద్వోర్త్సెవోయ్ గొప్పతనమా, ఆమెదా? ఒకే డైరెక్టర్‌తో రెండు సినిమాలు చేసి పేరు తెచ్చుకున్న ఎవరి మీదైనా ఈ ప్రశ్న వస్తుంది. కజక్ సినిమాలోనే పాత ఉదాహరణ ఉంది, 1970లో 'కిజ్ జిబెక్' ప్రేమకథలో నాయికగా వేసిన మెరూయెర్త్ ఉతెకెషెవాని జనం జీవితాంతం జిబెక్‌గానే చూశారు. సమల్ విషయంలో జవాబు 2019లో బుసాన్ ఫెస్టివల్ ప్రారంభ చిత్రంగా వేసిన 'హార్స్ థీవ్స్'లో కొంతవరకు దొరుకుతుంది. యెర్లాన్ నుర్ముఖంబెతోవ్, జపాన్‌కి చెందిన లిసా తకెబా కలిసి తీసిన సినిమా అది, పద్ధతి పూర్తిగా వేరు. కెమెరా దూరంగా, తాపీగా ఉంటుంది, కొండలూ ఆకాశమూ మనుషుల కన్నా పెద్దవిగా కనిపిస్తాయి. గుర్రాలు అమ్మడానికి సంతకి వెళ్ళిన భర్తని దొంగలు చంపేస్తారు, పిల్లలతో మిగిలిన భార్య సమల్. ఏళ్ళ కిందట ఆమెని వదిలి వెళ్ళిన మనిషి తిరిగొస్తాడు, ఆ పాత్రని జపనీస్ నటుడు మిరాయ్ మొరియామా కజక్ మాట్లాడుతూ వేశాడు.

ఇక్కడ చెమట లేదు, పరుగు లేదు, మెడ వెనక కెమెరా లేదు. భర్త చావు కబురు విన్నాక ఏం చేయాలో తెలియని మనిషి ఇంటి పనులు చేసుకుంటూ పోవడం, తిరిగొచ్చిన మనిషికి కొడుకు గురించి చెప్పాల్సింది చెప్పకుండా ఆపుకోవడం, ఇవన్నీ వైడ్ షాట్లలో, భుజాలతో, నిలబడే తీరుతో చేయాల్సిన పనులు. ఆ దూరం నుంచి కూడా ఆమె ఏం దాస్తోందో తెలుస్తూనే ఉంటుంది. సినిమాగా 'హార్స్ థీవ్స్' అంత గట్టిది కాదు, రెండో సగంలో జారిపోతుంది. ఆమె మాత్రం జారలేదు. మళ్ళీ తల్లి పాత్రే అన్నది ఇంకో సంగతి, 'తుల్పాన్', 'ఐకా', ఇది, మూడింట్లోనూ తల్లే. కాన్ అవార్డు ఉన్న నటికి కూడా మధ్య ఆసియా ఆర్ట్ సినిమా ఇస్తున్న పాత్రల పరిధి అంతే. బుకెయెవా ఇరవైల్లోనే షేక్స్‌పియర్ గయ్యాళిగా వేసి, నవ్వించి, చప్పట్లు కొట్టించుకుంది. సమల్‌కి కామెడీ వచ్చో రాదో చూసే అవకాశం ఈ మూడు సినిమాల్లో ఎవరూ ఇవ్వలేదు, 'తుల్పాన్'లో తమ్ముడి మీద నవ్వు ఆపుకునే కొన్ని క్షణాలు చూస్తే వచ్చనే అనిపిస్తుంది.

ఆ తమ్ముడు, అస్కత్ కుచిన్‌చిరెకోవ్, ఇప్పుడు డైరెక్టర్. అతని మొదటి కథాచిత్రం 'బౌరినా సలూ' 2023లో సాన్ సెబాస్టియన్‌లో వేశారు, తర్వాత కజకిస్తాన్ తరఫున ఆస్కార్‌కి వెళ్ళింది. అమ్మమ్మా నాయనమ్మల దగ్గర పిల్లల్ని పెంచే పాత ఆచారం మీద సినిమా, తీసిన తీరులో ద్వోర్త్సెవోయ్ పోలికలు స్పష్టంగా ఉన్నాయి. పదేళ్ళకో సినిమా తీసే డైరెక్టర్ కోసం ఎదురు చూడక్కర్లేకుండా, ఆ పద్ధతి తెలిసిన ఇంకో మనిషి ఇప్పుడు కజకిస్తాన్‌లోనే పనిచేస్తున్నాడు.